నాన్న బొమ్మలకి స్కానర్ వెతుకుతూ సికింద్రాబాద్‌లో రెండు రోజులు

తెల్లారి నాలుగైంది. జెట్‌లాగ్. డాలస్‌లో ఇప్పుడు నిన్నటి సాయంత్రం నాలుగున్నర, అంటే నా ఒళ్లు ఇంకా టీ టైమ్‌లోనే ఉంది, ఇక్కడ నల్లకుంటలో మాత్రం వీధి కుక్కలు తప్ప ఎవరూ లేవలేదు. ఎలాగూ నిద్ర రాదు కదా అని పరుపు ఎత్తి కింద ఉన్న బొమ్మలన్నీ బయటికి తీశా. అవును, పరుపు కిందే. మా నాన్న హన్మకొండలో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు, ఆయన వేసిన బొమ్మలన్నీ ముప్పై ఏళ్లుగా ఈ డబుల్ కాట్ పరుపు కిందే పడుకుంటున్నాయి, మధ్యమధ్యలో న్యూస్‌పేపర్, మూలల్లో కలరా ఉండలు. షీటు వంకర పోకుండా ఉండాలంటే దీన్ని మించిన ప్రెస్ లేదంటారాయన. అంటే నేను ఇండియా వచ్చిన ప్రతిసారీ భద్రకాళి చెరువు మీద, వేయిస్తంభాల గుడి మీద పడుకున్నట్టే లెక్క.

ఈసారి వచ్చిందే ఈ పని మీద. ఐదు వారాలు సెలవు పెట్టా, ఈలోపు ఇవన్నీ స్కాన్ అయిపోవాలి. అయితే పోయినసారి నేను చేసిన ఘనకార్యం ముందు చెప్పాలి. తిరుగు ప్రయాణానికి రెండు రోజులుందనగా హడావిడిగా నాలుగు బొమ్మలు చుట్టచుట్టి ఒక జిరాక్స్ షాపుకి పట్టుకెళ్లా, పేరు వద్దులెండి, "మేడం మా దగ్గర ఏ0 దాకా వస్తది" అన్నాడు, ఏ0 అంటే ఏ4కి పదహారింతలున్న పెద్ద కాగితం, నేనూ మురిసిపోయి ఇచ్చేశా. తీరా చూస్తే అది బిల్డింగ్ ప్లాన్లు స్కాన్ చేసే మిషను. 36 అంగుళాల వెడల్పు ఉంటుంది, ఒకవైపు నుంచి కాగితం పెడితే రోలర్లు లాక్కుని అటువైపు వదుల్తాయి. ప్లాన్‌కి ఏం కాదు, అది వట్టి ఇంకే కదా. నాన్న పోస్టర్ కలర్ మందంగా పూస్తారు, అది కాగితం మీద ఎండి పెచ్చులా ఉంటుంది. రోలర్ కింద నుంచి బయటికి వచ్చేసరికి బతుకమ్మ బొమ్మలో ఆకాశం మీద ఈ చివర్నుంచి ఆ చివరికి సన్నటి తెల్లగీత. ఇదిగో ఇక్కడ, కెమెరాలో కనిపిస్తోందా? నాన్న ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది.

అందుకే ఈసారి షాపులకి పోకముందే టేపు పట్టుకుని కొలతలు. ఐదున్నరకి నాన్న లేచొచ్చి చూసి "ఏందమ్మా, బట్టలు కుట్టిస్తవా వాటికి?" అన్నారు. తర్వాత కూర్చుని అసలు లెక్క చెప్పారు, ఫుల్ షీటు అంటే 22 బై 30 అంగుళాలు, సగం చేస్తే హాఫ్ అంటే 15 బై 22, అందులో సగం క్వార్టర్ అంటే 11 బై 15, "గీ మూడే, నన్నడిగితే అయిపోతుండె గదా" అని. లెక్కబెడితే క్వార్టర్ షీట్లు 96, హాఫ్ 31, ఫుల్ 12, ఇవి కాక గోడకి ఉన్న కాన్వాసులు నాలుగు. మొత్తం 143.

ఇప్పుడు ఈ లెక్కతో స్కానర్ సంగతి చూద్దాం. మామూలు ఏ4 స్కానర్ అద్దం సుమారు 8.5 బై 11.7 అంగుళాలు. క్వార్టర్ షీటు కూడా దాని మీద ఒక్కసారికి పట్టదు, రెండు ముక్కలు. హాఫ్‌కి నాలుగు, ఫుల్‌కి ఎనిమిది. అన్నీ కలిపితే 412 స్కాన్లు, ఆ పైన వాటిని అతికించుకోవాలి. అదే ఏ4కి రెట్టింపు ఉండే ఏ3 ఆర్ట్ స్కానర్, అంటే ఎప్సన్ ఎక్స్‌ప్రెషన్ 12000ఎక్స్‌ఎల్ లాంటిది అనుకోండి, దాని అద్దం 12.2 బై 17.2 అంగుళాలు, క్వార్టర్ ఒక్క దెబ్బకే అయిపోతుంది, హాఫ్‌కి రెండు, ఫుల్‌కి నాలుగు. 206. సరిగ్గా సగం! పైగా మూడొంతుల్లో రెండొంతుల బొమ్మలకి అసలు అతుకే అక్కర్లేదు, నాకు అదీ కావాల్సింది. చాలామంది ముందు డీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు తీస్తుందో, అది చూస్తారు, నేనూ అంతే, కానీ ముందు చూడాల్సింది అద్దం సైజు, మన దగ్గరున్న కాగితం సైజు.

మ్యూజియం వాళ్లు వాడేవి వేరే ఉంటాయి, జర్మనీ వాళ్ల క్రూజ్, ఇటలీ వాళ్ల మెటిస్ లాంటివి, బొమ్మ బల్ల మీద వెల్లకిలా పడుకునే ఉంటుంది, పైనుంచి స్కాన్ చేస్తుంది, దేనికీ ఏదీ తగలదు. చూస్తే ప్రాణం లేచొస్తుంది, కానీ కొనాలంటే ఈ నల్లకుంట ఇల్లు అమ్మాలి, అమ్మ ఒప్పుకోదు.

మరి అమెరికా నుంచే తెచ్చుకోవచ్చు కదా అంటారేమో. ఒక్క సూట్‌కేసుకి 23 కిలోలు, అందులో గాజుపలక ఉన్న ఏ3 మిషను, ఎయిర్‌పోర్టులో బ్యాగులు విసిరే పద్ధతి చూశాక నాకు ధైర్యం చాల్లేదు.

సరే పది దాటాక తమ్ముడి బండెక్కి ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లో సీటీసీకి వెళ్లాం. చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే ఎవరికీ తెలీదు, సీటీసీ అనాలి. ఇంజినీరింగ్‌లో ఉన్నప్పుడు ర్యామ్ కొనడానికి వచ్చేదాన్ని, మెట్ల దగ్గర గుంపు ఇప్పటికీ అదే. మొదటి షాపతను "మేడం ఏ3 ఆల్ ఇన్ వన్ ఉంది, తీస్కపోండి" అని ఒక ప్రింటర్ చూపించాడు. దాని మూత ఎత్తి చూస్తే అద్దం ఏ4! ప్రింట్ మాత్రమే ఏ3 వస్తుంది, స్కాన్ ఏ4. డబ్బా మీద పెద్దక్షరాలు చూసి కొనేశామంటే ఇంటికెళ్లాక ఏడుపే. రెండో షాపులో "19200 డీపీఐ మేడం" అన్నాడు, "ఆప్టికల్ ఎంత అన్నా?" అంటే డబ్బా తిప్పి తిప్పి చూశాడు పాపం. ఆప్టికల్ అంటే సెన్సార్ నిజంగా చూసేది, మిగతాది సాఫ్ట్‌వేర్ మధ్యలో ఊహించి నింపేది, పాలలో నీళ్లు కలిపినట్టు.

ఇప్పుడు అసలు విషయం, స్కానర్లో ఉండే రెండు రకాల సెన్సార్లు, సీఐఎస్, సీసీడీ. పలచగా, తేలిగ్గా, యూఎస్‌బీ కరెంటుతోనే నడిచే స్కానర్లున్నాయి చూడండి, కానన్ లైడ్ లాంటివి, అవి సీఐఎస్. సెన్సార్ అద్దానికి ఆనుకునే ఉంటుంది, కాగితం అద్దానికి అతుక్కుని ఉన్నంతవరకే స్పష్టంగా చూస్తుంది, కొంచెం లేచినా మసక. డాక్యుమెంట్లకి బ్రహ్మాండం. వాటర్ కలర్ కాగితం అలా ఉండదు కదా, తడికి ఉబ్బి అలలు అలలుగా ఉంటుంది, పరుపు కింద ముప్పై ఏళ్లు పెట్టినా ఆ అల పూర్తిగా పోదు. సీసీడీలో లోపల మిర్రర్లు, లెన్సు ఉంటాయి, అందుకే మిషను లావుగా బరువుగా ఉంటుంది, కానీ కాగితం కాస్త లేచినా ఫోకస్ పోదు.

ఇది పుస్తకంలో చదివితే నాకూ ఎక్కలేదు, అందుకే షాపులోనే చేసి చూశా. నా చేతి గాజు తీసి సీఐఎస్ స్కానర్ అద్దం మీద పడుకోబెట్టి స్కాన్ చేయమన్నా. అద్దానికి తగిలిన అంచు మాత్రం గీత గీసినట్టు వచ్చింది, దాని పైనున్న చెక్కుడు పని అంతా నల్లటి పొగ. తర్వాత అదే గాజు పాత సీసీడీ దాని మీద పెడితే లోపలి వైపు చెక్కిన మామిడి పిందెలు కూడా వచ్చాయి, అంచున ఇరుక్కున్న పసుపుతో సహా. షాపతను వంగి చూసి "ఇదేదో బాగుంది అక్కా, నేను గూడ కస్టమర్లకి చూపిస్త" అన్నాడు. మేడం నుంచి అక్కకి ప్రమోషన్.

ఆ పాత సీసీడీనే చివరికి తీసుకున్నా. ఎప్సన్ వాళ్ల పాత ఏ3, ఏదో డిజైన్ ఆఫీసు మూసేస్తే వచ్చిందట. కొత్తదాని రేటు వింటే లక్షల్లో ఉంది, ఇది అందులో మూడో వంతు కూడా కాదు, తమ్ముడు ఇంకో రెండు వేలు తగ్గించాడు, దానికి వాడికి ప్యారడైజ్‌లో బిర్యానీ పెట్టించాల్సి వచ్చింది కాబట్టి మిగిలిందేమీ లేదు. సెకండ్ హ్యాండ్ కాబట్టి అక్కడే గంటసేపు సతాయించా. ఖాళీ తెల్లకాగితం స్కాన్ చేసి నిలువు గీతలు పడుతున్నాయా చూశా. గ్రాఫ్ పేపర్ ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా పెట్టి గళ్లు రెండుసార్లూ ఒకేలా వస్తున్నాయా చూశా, ఎందుకంటే గళ్లు సాగితే రేపు ముక్కలు అతకవు. ఫోన్ టార్చి వేసి అద్దం లోపలివైపు పొగపట్టిందా చూశా, కొంచెం పట్టింది, అతనే విప్పి తుడిచిచ్చాడు. ఇంకోటి, ఇలాంటి వాటికి ట్రాన్స్‌పోర్ట్ లాక్ అని ఉంటుంది, ఆటోలో తెచ్చేటప్పుడు వేయాలి, ఇంట్లో పెట్టాక తీయాలి. నేను తీయడం మర్చిపోయి ఆన్ చేశా, గరగరమని ఒక చప్పుడు, అమ్మ వంటింట్లోంచి "మిక్సీ నేను వెయ్యలేదే" అంది. పాత డ్రైవరు నా కొత్త మ్యాక్‌లో ఎక్కలేదు, వ్యూస్కాన్ అనే సాఫ్ట్‌వేర్ కొని నడిపిస్తున్నా, అదో ఖర్చు.

సెట్టింగులు ఎక్కువ చెప్పను. ఆటో ఎక్స్‌పోజర్, ఆటో కలర్, షార్పెనింగ్ అన్నీ ఆఫ్. ముఖ్యంగా ముక్కలుగా తీసేటప్పుడు ఆటో ఉంచితే ఒక ముక్కలో ఆకాశం ఒక నీలం, పక్క ముక్కలో ఇంకో నీలం వస్తుంది, ఇక ఫొటోషాప్‌లో తల బాదుకోవడమే. డీపీఐ 600 పెట్టా. క్వార్టర్ షీటు 600లో 6600 బై 9000 పిక్సెళ్లు, అంటే దాదాపు 59 మిలియన్లు, టిఫ్ (వివరం పోకుండా దాచే) ఫైలు మామూలు 8 బిట్ రంగులో 178 ఎంబీ, రంగుల తేడా ఇంకా సన్నగా పట్టే 16 బిట్‌లో 356. ఎప్పుడైనా రెట్టింపు సైజులో ప్రింట్ వేసినా 300 డీపీఐ మిగులుతుంది, చాలు. 1200 పెడితే ఫైలు నాలుగింతలు, కొత్తగా కనిపించేది కాగితం గరుకే.

హాఫ్ షీట్ల దగ్గర ఒక తప్పు చేశా. మూత తీసేసి, సగం స్కాన్ చేసి, మిగతా సగానికి షీటుని గిర్రున తిప్పి పెట్టా, ఈజీ కదా అని. అతికిస్తే రంగు కలిసింది కానీ మధ్యలో ఏదో తేడా, బొమ్మ మడతపెట్టినట్టు. పెద్దది చేసి చూస్తే అర్థమైంది, స్కానర్ లైటు ఒకవైపు నుంచే పడుతుంది, కాగితం గరుకుకి, మందపాటి రంగుకి చిన్నచిన్న నీడలు ఉంటాయి, తిప్పి పెట్టేసరికి ఒక సగంలో నీడ ఎడమకి, ఇంకో సగంలో కుడికి. తిప్పకూడదు, జరపాలి. ఎత్తు సమానంగా ఉండాలని స్కానర్ పక్కన అమ్మ పూజ పీట, దాని మీద రెండు పాత పంచాంగాలు పెట్టి షీటుని మెల్లగా జరుపుతున్నాం, నాన్న ఒక చివర, నేనొక చివర.

స్కానర్‌కి చేతకానివి కూడా ఉన్నాయి. కాకతీయ తోరణం బొమ్మలో నాన్న బంగారు రంగు పొడి కలిపి వేశారు, స్కాన్‌లో అది పేడ రంగులో వచ్చింది. లోహం రంగు అద్దంలాంటిది, లైటుని ఇంకోవైపు కొడుతుంది, సెన్సార్‌కి చేరదు. మెరిసే గులాబీ, ఆ ఫ్లోరోసెంట్ రంగు, అదీ అంతే, చప్పబడిపోయింది. ఇలాంటి వాటికి, కాన్వాసులకి తమ్ముడి 24 మెగాపిక్సెల్ కెమెరా. రెండు లైట్లు చెరో వైపు 45 డిగ్రీల్లో పెట్టి, బంగారం ఉన్నదానికి మాత్రం ఒక పక్క లైటు తగ్గించి తీశాం. పెద్ద కాన్వాసు 36 అంగుళాలు, ఒకే ఫొటోలో తీస్తే 6000 పిక్సెళ్లకి అంగుళానికి 166 వస్తుంది, అందుకే నాలుగు ముక్కలుగా. కెమెరా సరిగ్గా ఎదురుగా ఉందో లేదో చూడ్డానికి ఒక కిటుకు ఉంది, బొమ్మ మధ్యలో చిన్న అద్దం ఆనించి వ్యూఫైండర్‌లో చూడాలి, మన లెన్సు అందులో నడిమధ్యలో కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు. అమ్మ బొట్టు పెట్టుకునే అద్దమే వాడాం. ఫొటోలో రంగులు సరిపోల్చి సరిచేసుకోడానికి 24 రంగుల గళ్లున్న కలర్ చెకర్ కార్డు డాలస్ నుంచే తెచ్చుకున్నా, అది మాత్రం సూట్‌కేసులో పట్టింది.

నిన్న రాత్రి భద్రకాళి చెరువు బొమ్మ స్కాన్ అయ్యాక నాన్నకి చూపిస్తూ జూమ్ చేశా. ఆకాశంలో, కుడివైపు కొండ పైన, ఒక వంకర గీత. ఇంకా జూమ్ చేస్తే గీత కాదు, బ్రష్ వెంట్రుక, రంగులో ఇరుక్కుని ఎండిపోయింది, స్క్రీన్ మీద మోకుతాడంత ఉంది. నాన్న కళ్లజోడు పైకి నెట్టి చాలాసేపు చూసి "గా బ్రష్షు అప్పుడే ఊడుతుండె, జీతం రాలే, కొత్తది కొనలే" అన్నారు. అంతటితో ఊరుకుంటారా, లోపలికెళ్లి అమ్మ చిమటా పట్టుకొచ్చి ఒరిజినల్ మీద ఆ వెంట్రుక వెతకడం మొదలెట్టారు.

"నాన్నా వద్దు, రంగు కూడా లేచొస్తుంది!"

"లేవదు. నేనేసిన రంగు నాకెర్క."

"స్కాన్ అయిపోయింది కదా, ఇప్పుడు తీసేస్తే అదొకటి ఇదొకటి అవుతాయి."

చిమటా అలాగే గాల్లో పట్టుకుని ఒక నిమిషం ఆలోచించారు. "అయితే మళ్లొకసారి స్కాన్ కొట్టరాదు?"

ఇంకా ఫుల్ షీట్లు 12 మిగిలే ఉన్నాయి, ఒక్కోటి నాలుగు ముక్కలు. చిమటా మాత్రం నా దిండు కింద దాచేశా.