ఎలక్షన్ లేకపోయినా తుపాకీ స్టేషన్‌లో పెట్టొచ్చు

(స్క్రీన్ మీద: మడతపెట్టిన రసీదు)

ఎలక్షన్ వస్తే పలమనేరు, కుప్పం వైపు పంట మీద పడే అడవి పందుల కోసం లైసెన్సు తుపాకీ పెట్టుకున్న రైతులు ఏం చేస్తారు? స్టేషన్‌లో అప్పగించి, రసీదు జేబులో వేసుకుని వచ్చేస్తారు. దాన్నెవరూ నామోషీ అనుకోరు కదా. ఇంట్లో మనిషికి మనసు బాగాలేనప్పుడు కూడా అదే పని చేయమంటున్నా, అంతే.

అప్పులు, టమాటా రేటు పడిపోవడం, తాగుడు, ఏదైనా కావచ్చు. చచ్చిపోదామనే ఊపు చాలామందికి కాసేపట్లో వచ్చి పోయేదే, కానీ ఆ కాసేపట్లో తుపాకీ చేతికందితే మళ్ళీ ఆలోచించుకునే టైమే ఉండదు. "అది లేకపోతే ఇంకోటి వెతుక్కుంటాడులే" అంటారా? ఇజ్రాయెల్ సైన్యం 2006లో, వారాంతం సెలవుకు ఇంటికెళ్ళే కుర్ర సైనికులు తుపాకులు క్యాంపులోనే వదిలెళ్ళాలని రూల్ పెట్టింది. ఆత్మహత్యలు దాదాపు 40 శాతం తగ్గాయి, మిగతా రోజుల్లో పెరగనూ లేదు.

(స్క్రీన్ మీద: స్టేషన్ లేదా లైసెన్సున్న డీలర్)

అమెరికాలో కొలరాడో లాంటి చోట్ల, తుపాకీని కొన్నాళ్ళు దాచిపెట్టే షాపులు, పోలీస్ స్టేషన్లు ఎక్కడున్నాయో మ్యాపే వేశారు. మన దగ్గర దోస్తు ఇంట్లో పెడదామంటే కుదరదన్నా, 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనాయన దగ్గర దొరికితే ఆయనకూ కేసే. స్టేషన్‌లోనో, భద్రపరిచే అనుమతి ఉన్న ఆయుధాల డీలర్ దగ్గరో ఇచ్చి, తూటాలు కూడా అప్పగించి, రసీదు తీసుకోండి. ముందు ఫోన్ చేసి అడిగి వెళ్తే తిరుగుడు తప్పుతుంది.

ఇక ఇంట్లో చెప్పడం, అసలు కష్టం అక్కడే. "నీకు పిచ్చి పట్టింది, అది ఇటు తే" అంటే ఏ మగాడూ ఇవ్వడు. ఆయన మాట వినే మనిషి, బావో మేనమామో, "ఈ రెండు నెలలు ఇది ఇంట్లో వద్దు మామా, పద, నేనూ వస్తా" అంటే కదులుతాడు. పరిస్థితి అప్పటికే చేయి దాటిందనిపిస్తే మాత్రం ఆయన చేతికి తుపాకీ ఇవ్వకండి, ఎమర్జెన్సీ నంబర్ 112కి ఫోన్ చేయండి. మాట్లాడే మనిషి కావాలంటే మనసు బాగాలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, తెలుగులోనే, రాత్రయినా పగలైనా, ఉచితం.

(మన ఊళ్ళలో తుపాకీ ఉన్న ఇళ్ళు తక్కువే, ఒప్పుకుంటా. పురుగుమందు డబ్బాకి తాళం వేయడం గురించి ఇంకో వీడియో చేస్తా.)

"మరి పందులొస్తే?" అని కామెంట్ పెడతారని తెలుసు. టపాకాయలున్నాయి, డబ్బా మోత ఉంది. రాత్రి కాపలాకి బావమరిదిని కూడా పిలవండి, ఆయన తోటలో ఒక్కడే పడుకోకుండా అదీ కలిసొస్తుంది.