డిలీట్ చేసిన ఫైల్ మళ్లీ మళ్లీ వస్తోందా? ముందు గెడ్డ ఎక్కడుందో వెతకండి

అందరికీ నమస్కారం. డిలీట్ చేసిన ఫైల్ మళ్లీ అదే చోట కనిపిస్తే చాలు, "వైరస్ పట్టింది, ఫార్మాట్ కొట్టించెయ్" అంటారు చూశారా, ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఫార్మాట్ కొట్టిస్తే డబ్బులు పోతాయి, ఒక రోజు పోతుంది, దాచుకున్న ఫోటోలు పోయినా పోతాయి, తీరా మళ్లీ అకౌంట్‌లోకి లాగిన్ అవగానే ఆ ఫైల్ తిరిగొచ్చి కూర్చుంటుంది.

ఎందుకంటే డిలీటైన ఫైల్ తనంతట తాను లేచి రాదు. అదే పేరుతో ఎవరో దాన్ని అక్కడ మళ్లీ పెడుతున్నారు. ఆ పెట్టేది ఎవరో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

పెద్ద వాన కురిసిన మర్నాడు మా విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్లారా ఎప్పుడైనా? పొద్దున్నే జీవీఎంసీ, అంటే నగర కార్పొరేషన్ వాళ్లు చెత్తంతా ఏరి ఇసుక శుభ్రం చేస్తారు, సాయంత్రానికి మళ్లీ ప్లాస్టిక్ కవర్లు. ఆ చెత్త ఇసుకలో పుట్టలేదు కదా. ఊళ్లో గెడ్డలో, అంటే ఊరి నీళ్లు మోసుకెళ్లే వాగులో పడింది, గెడ్డ సముద్రంలో కలిపింది, కెరటం ఒడ్డున పడేసింది. మీరు ఇసుక మీద ఎంత ఏరినా గెడ్డ పారుతున్నంతసేపూ అది వస్తూనే ఉంటుంది.

మా బావ సంగతి చెప్తాను. గాజువాకలో కేటరింగ్ చేస్తాడు. ల్యాప్‌టాప్‌లో పాత రేట్ల షీట్ ఒకటి ఉండేది, ప్లేటు 180 రూపాయలు. కొత్త రేటు 260. పాతది డిలీట్ చేశాడు, వచ్చింది. షిఫ్ట్ డిలీట్ కొట్టాడు, మర్నాడు మళ్లీ వచ్చింది. హడావుడిలో ఒక పెళ్లివారికి ఆ పాత షీటే వాట్సాప్‌లో వెళ్లిపోయింది. ఇచ్చిన మాట అని ఆ రేటుకే వండిపెట్టాడు. 400 ప్లేట్లు, ప్లేటుకి 80 చొప్పున 32,000 రూపాయలు పోయాయి. "ఇదేటి బామ్మర్దీ, దీన్ని ఎన్నిసార్లు చంపాలి" అని ఫోన్ చేశాడు.

నేను ల్యాప్‌టాప్ ముట్టుకోలేదు. ఫైల్ తీసేసి, అది మళ్లీ ఏ టైముకి కనిపించిందో కాగితం మీద రాయమన్నాను. మొదటి రోజు 10:20. రెండో రోజు 10:25. ఆదివారం అసలు రాలేదు. ఆ కాగితం చూడగానే నాకు అర్థమైంది. ఆదివారం కొట్టుకి సెలవు! పదిన్నర లోపు కొట్టులో కుర్రాడొచ్చి పాత డెస్క్‌టాప్ ఆన్ చేస్తాడు.

[స్క్రీన్ మీద: టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీ]

ఆ డెస్క్‌టాప్‌లో టాస్క్ షెడ్యూలర్, అంటే పెట్టిన పనుల్ని వాటంతటవే నడిపే విండోస్ టూల్ తెరిస్తే 'బ్యాకప్' అని ఒక టాస్క్ ఉంది. ఎప్పుడో సిస్టమ్ బాగుచేసినాయన పెట్టి వెళ్లాడు. లాగిన్ అవగానే రోబోకాపీ అనే విండోస్ కాపీ ప్రోగ్రామ్ నడిచి, డి డ్రైవ్‌లో ఉన్న పాత ఫైళ్లన్నీ క్లౌడ్ ఫోల్డర్‌లోకి కాపీ చేస్తుంది. అదే అకౌంట్ ల్యాప్‌టాప్‌లోనూ ఉంది కాబట్టి, ఆ ఫోల్డర్‌లో పడింది ఇంటర్నెట్ మీదుగా అక్కడికీ వస్తుంది. క్లౌడ్ ఫోల్డర్‌లో ఫైల్ లేదంటే రోబోకాపీ "అయ్యో పోయిందే" అని మళ్లీ పెడుతుంది. అదే గెడ్డ. క్లౌడ్ సముద్రం. బావ ల్యాప్‌టాప్ ఒట్టి ఇసుక. పాపం అతను ఇసుక మీద చెత్త ఏరుతున్నాడు అన్ని రోజులూ.

ఇక్కడ వరస ముఖ్యం. ముందు టాస్క్‌ని డిసేబుల్ చేశాం, అంటే గెడ్డకి అడ్డుకట్ట. తర్వాత డి డ్రైవ్‌లో ఉన్న అసలు కాపీ తీసేశాం. ఆ తర్వాతే క్లౌడ్‌లో, ల్యాప్‌టాప్‌లో. తిరగేసి చేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

"ప్రాపర్టీస్‌లో క్రియేటెడ్ టైమ్ చూస్తే సరిపోదా" అని అడుగుతారు. దాన్ని గుడ్డిగా నమ్మకండి. ఫైల్ తీసేసిన 15 సెకన్లలోపు అదే పేరుతో అదే ఫోల్డర్‌లో కొత్తది పుడితే విండోస్ దానికి పాత టైమే తగిలిస్తుంది, టనెలింగ్ అంటారు. రోబోకాపీ కూడా పాత తేదీలను వెంట తెస్తుంది. అందుకే కాగితం, పెన్ను.

టైమ్‌కి ఒక పద్ధతంటూ లేకపోతే ప్రాసెస్ మానిటర్ వాడండి, ఏ ప్రోగ్రామ్ ఏ ఫైల్‌ని ముట్టుకుందో చూపిస్తుంది. మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే ఉచితం, సిస్‌ఇంటర్నల్స్ అని వాళ్లిచ్చే టూల్స్‌లో ఒకటి. నాకు ప్రాణం ఆ టూల్ అంటే. ఫిల్టర్‌లో పాత్, కంటెయిన్స్, మీ ఫైల్ పేరు, ఇంక్లూడ్ అని పెట్టి వదిలేయండి. ఫైల్ డిలీట్ చేసి, అది తిరిగి వచ్చేదాకా ఆగండి. ప్రాసెస్ నేమ్ అనే కాలమ్‌లో దాన్ని తెచ్చి పెట్టినవాడి పేరు కనిపిస్తుంది. క్లౌడ్ ప్రోగ్రామ్ పేరు కనిపిస్తే గెడ్డ మీ మెషీన్‌లో లేదని అర్థం, అదే అకౌంట్ ఉన్న మిగతా కంప్యూటర్లు, ఫోన్లు ఒక్కొక్కటిగా చూడాలి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. రీస్టార్ట్ చేస్తేనే వస్తోందా? స్టార్టప్ ప్రోగ్రామ్‌లు, టాస్క్ షెడ్యూలర్ చూడండి, రెండూ కలిపి చూడాలంటే సిస్‌ఇంటర్నల్స్‌లోదే ఆటోరన్స్ అనే టూల్. కాలేజీ ల్యాబ్‌లో సిస్టమా? అక్కడ డీప్ ఫ్రీజ్ లాంటిది ఉంటే రీస్టార్ట్‌తో అన్నీ పాత స్థితికొస్తాయి, మీరేం చేసినా నిలవదు, ల్యాబ్ వాళ్లనే అడగాలి. పెన్ డ్రైవ్‌లో షార్ట్‌కట్లు పుడుతున్నాయా? అది మాత్రం నిజంగానే వైరస్ అయ్యుండొచ్చు, పెన్ డ్రైవ్ తీసి పక్కన పెట్టి, విండోస్‌లో ఉండే యాంటీవైరస్ డిఫెండర్‌తో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి, కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది కాబట్టి పనులన్నీ సేవ్ చేసుకోండి. డెస్క్‌టాప్.ఐఎన్ఐ అనే ఫైలా? అది విండోస్ సొంతది, వదిలేయండి.

ఇంకా తేలకపోతే, మీ ఫైల్ మూడుసార్లు ఏ ఏ టైముకి తిరిగొచ్చిందో కామెంట్లో రాయండి, ఎక్కడ వెతకాలో కూర్చుని చూద్దాం.