పిల్లల మందుల డబ్బుతో మనం టీషర్టులు కుట్టించుకోవద్దు
(థలసీమియా పిల్లల కోసం తలపెట్టిన సైకిల్ రైడ్‌కి ముందు, కాకినాడలో రైడర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, డాక్టర్లకు, తెల్లారకుండానే లేచి ప్రాక్టీసు చేసి ఇటే వచ్చేసిన రైడర్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు. సమయం తక్కువ కాబట్టి అందరికీ కలిపి ఒకే దండం పెడుతున్నాను, ఏమీ అనుకోవద్దు.

చందాలు పోగుచెయ్యడానికి కొత్త పద్ధతులు చెప్పమని నన్ను పిలిచారు. నేను బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైరయ్యాను. ఈ రైడ్ లెక్కలు రాసేది నేనే. అందుకని పద్ధతులకంటే ముందు డబ్బు గురించి ఒక మాట చెప్పాలి. అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మా మేనకోడలి కొడుక్కి థలసీమియా, ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టు జబ్బు. రెండు మూడు వారాలకోసారి వాడికి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన ప్రతిసారీ ఒంట్లో ఇనుము పేరుకుంటుంది. దాన్ని బయటికి పంపే మందు రోజూ పడకపోతే అది గుండెలో, కాలేయంలో చేరి పాడుచేస్తుంది. రక్తం ఇవ్వడానికి దాతలు దొరుకుతారు, మన కుర్రాళ్లు మంచివాళ్లు. ఈ మందు మాత్రం నెల నెలా కొనాలి. ఉచితంగా ఇచ్చే చోట ఒక్కోసారి స్టాకు లేదంటారు, ఆ నెల తల్లి చెవి దుద్దులు తాకట్టుకి వెళతాయి.

కొన్నేళ్ల కిందట ఇలాంటి పిల్లల కోసమే మన వైపు ఒక రైడ్ జరిగింది. ఎవరు చేశారో ఇక్కడ అనవసరం. ఊరంతా ఫ్లెక్సీలు, ప్రతి రైడర్‌కీ టీషర్టు, మెడలో పతకం, వేదిక, మైకులు, అతిథులకి జ్ఞాపికలు. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. అన్ని ఖర్చులూ పోగా మిగిలినదాంతో మందులు కొంటే ఆ పిల్లలకి నెల రోజులు కూడా రాలేదు. మా మేనకోడలు ఆ సభలో వెనక వరసలో కూర్చుంది. ఇంటికొచ్చాక, "అత్తా, ఆ పతకాల ఖరీదు ఎంతుంటుంది?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నకి జవాబు మనమందరం కలిసి చెప్పాలి.

కాబట్టి మన రైడ్‌కి రెండు ఖాతాలు. రిజిస్ట్రేషన్ ఫీజు, స్పాన్సర్లు ఇచ్చేది ఒక దాంట్లో. టిఫిన్లు, మంచినీళ్లు, అంబులెన్సు, టీషర్టులు అన్నీ ఆ డబ్బులోంచే, సరిపోకపోతే టీషర్టులు ఉండవు. జనం పిల్లల పేరు మీద ఇచ్చినది రెండో ఖాతాలోకి, అందులోంచి మందులకి తప్ప పైసా కదలదు. ఇదేమీ నా సొంత చాదస్తం కాదండీ. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో బిల్లీ స్టార్ అనే ఆయన 1980లో ముప్ఫై ఆరుగురితో క్యాన్సర్ ఆస్పత్రి కోసం సైకిల్ యాత్ర మొదలుపెట్టాడు. ఆ ఏడాది వచ్చింది పదివేల డాలర్ల పైచిలుకు. పాన్ మాస్ ఛాలెంజ్ అంటారు దాన్ని. ఇప్పటిదాకా ఆ యాత్ర ఇచ్చిన మొత్తం వంద కోట్ల డాలర్లు దాటింది. రైడర్లు పోగుచేసిన ప్రతి డాలరూ ఆస్పత్రికే వెళుతుంది, ఖర్చులు వేరే డబ్బుతో నడుస్తాయి. ఇచ్చేవాడికి ఆ నమ్మకం ఉంది, అందుకే మళ్లీ మళ్లీ ఇస్తున్నాడు.

ఇక పద్ధతులు. వాట్సాప్ స్టేటస్‌లో క్యూఆర్ కోడ్ పెట్టి కూర్చుంటే డబ్బు రాదు. పెట్టొద్దనడం లేదు, పెట్టండి. కానీ మన జనం చేత్తో ఇవ్వడానికి, పేరు చదివించుకోవడానికి ఇష్టపడతారు. అందులో తప్పేముంది? పెళ్లిలో చదివింపుల బల్ల చూడండి. ఒకాయన పుస్తకం పట్టుకుంటాడు, ఇంకొకాయన మైకులో ఫలానావారు ఇంత అని చదువుతాడు. ఆ పేరు విన్న పక్కింటాయన జేబులో చెయ్యి పెడతాడు. మనం కాకినాడలో బయల్దేరి యానాం దగ్గర వారధి మీద గౌతమి దాటుతున్నాం, అమలాపురం, రావులపాలెం మీదుగా వెళ్లి జొన్నాడ వైపు మళ్లీ గౌతమి దాటి రాజమండ్రి చేరుతున్నాం. ఆగిన ప్రతి ఊళ్లోనూ చదివింపుల బల్ల వేద్దాం. పది రూపాయలిచ్చినా పేరు చదవాలి, పదివేలిచ్చినా అదే గొంతుతో చదవాలి.

కిలోమీటర్లు కూడా పంచండి. ఒక కిలోమీటరు ఐదొందలు అనుకోండి. ఇచ్చినవాళ్లు ఎవరి పేరు చెబితే వాళ్ల పేరు మీద ఆ కిలోమీటరు తొక్కాలి. పోయిన నాన్నగారి పేరు కావచ్చు, పరీక్ష రాసే మనవరాలి పేరు కావచ్చు. ఆ పేరు కాగితం మీద రాసి హ్యాండిల్‌కి కట్టుకోండి, అక్కడికి రాగానే ఒక ఫొటో తీసి వాళ్లకి పంపండి. గుడిలో ఫ్యాను ఇచ్చినా రెక్క మీద పేరు రాయించుకునే జనం మనం, ఈ కిలోమీటరుని వదులుకోరు. ముడుపు కూడా కట్టించండి. మీ అమ్మలు, అత్తలు మీరు క్షేమంగా తిరిగి రావాలని ఎలాగూ మొక్కుకుంటారు. పసుపు గుడ్డలో కట్టిన ఆ ముడుపు రైడ్ అయ్యాక విప్పి పిల్లల ఖాతాలో వెయ్యమనండి.

వేలంపాట మన రక్తంలోనే ఉంది. హైదరాబాద్ బాలాపూర్ గణపతి లడ్డూ 1994లో 450 రూపాయలకి పాడారు, 2024లో 30 లక్షలు దాటింది. రావులపాలెంలో అరటి రైతులు ఒక్కో గెల ఇస్తే చాలు, మార్కెట్ దగ్గరే పాట పెడదాం. కడియం నర్సరీలవాళ్లు మొక్కలు ఇస్తారు, ఆ మొక్కలు రాజమండ్రిలో అమ్ముదాం. ఒక్కటి మాత్రం వద్దు, లక్కీ డ్రా టికెట్లు. లాటరీ నడిపే హక్కు చట్టప్రకారం రాష్ట్ర ప్రభుత్వాలకే ఉంది. మంచిపని అని చెప్పి తప్పించుకోలేం.

ఇంకా చాలా రాసుకొచ్చాను గానీ, కాకినాడలో నిలబడి చందాల గురించి మాట్లాడుతూ స్వాతంత్ర్య సమరయోధురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారిని తలుచుకోకపోతే ఎలా? మిగతావి పక్కన పెడతాను, ఇది వినండి.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ కాకినాడ వస్తున్నారు. దుర్గాబాయికి అప్పటికి పన్నెండేళ్లు నిండలేదు. ఊళ్లోని దేవదాసీలు, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలు గాంధీజీని చూడాలని ఆ పిల్ల పట్టుబట్టింది. నిర్వాహకులు, ఐదువేల రూపాయలు పోగుచేసి ఇస్తే కొద్ది నిమిషాలు ఇప్పిస్తామన్నారు. ఆ రోజుల్లో ఐదువేలంటే మాటలా! ఆ పిల్ల వెళ్లి ఎవరిని అడిగింది? జమీందార్లనా, వకీళ్లనా? ఆ దేవదాసీలనే అడిగింది. ఊరు చిన్నచూపు చూసిన ఆడవాళ్లు ఆ డబ్బు పోగుచేశారు. గాంధీజీ వచ్చారు, కొద్ది నిమిషాలనుకున్నది చాలాసేపు సాగింది. వాళ్లు ఒంటిమీది గాజులు, గొలుసులు తీసి ఇచ్చేశారు. అంతా కలిపి దాదాపు పాతిక వేలు. ఆ రోజు టౌన్ హాలు సభలో గాంధీజీ ప్రసంగాన్ని తెలుగులో చెప్పింది కూడా ఆ పిల్లే.

రెండేళ్లకి ఇదే ఊళ్లో కాంగ్రెస్ మహాసభలు. ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర ఆవిడ వాలంటీరు. నెహ్రూగారు టికెట్ లేకుండా వస్తే లోపలికి వెళ్లనివ్వలేదు. టికెట్ తెప్పించాకే పంపింది. ఇది విని అందరూ చప్పట్లు కొడతారు. నేను మిమ్మల్ని అడుగుతున్నాను, రేపు మన రైడ్‌కి ఎమ్మెల్యేగారి అబ్బాయి రిజిస్ట్రేషన్ ఫీజు కట్టకుండా వస్తే మీలో ఎవరు ఆపుతారు? చెయ్యెత్తండి. ఆ వెనక వరస అమ్మాయి ఎత్తింది. అమ్మా, టికెట్ల బల్ల నీదే.

మీరు ఎవరిని అడుగుతున్నారో ఒకసారి చూసుకోండి. డబ్బున్న పదిమంది పేర్లే అందరి జాబితాల్లోనూ ఉంటాయి. మీ సైకిల్ బాగుచేసే మెకానిక్‌ని అడిగారా? రైతుబజారులో ఆకుకూరల ఆవిడని? ఆవిడకి ఇచ్చే స్తోమత లేదనుకుని అడగకపోవడం ఆవిడని తక్కువ చెయ్యడమే.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. కాగితాల సంగతి గబగబా చెప్పేస్తాను. రశీదు లేకుండా రూపాయి తీసుకోవద్దు. మనం డబ్బు ఇచ్చే ట్రస్టుకి విరాళమిస్తే ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది, 80జి అంటారే అది, కానీ రెండు వేలు దాటిన నగదుకి ఆ మినహాయింపు రాదు, అంతకంటే ఎక్కువైతే చెక్కో, ఆన్‌లైనో. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఈ మినహాయింపు అసలు లేదు, ఆశపెట్టి తీసుకోవద్దు. అమెరికాలో ఉన్న మీ అన్నయ్యలు, వదినలు పంపుతామంటారు. వాళ్లది ఇంకా ఇండియా పాస్‌పోర్టే అయితే, వాళ్ల సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, విదేశీ పౌరులైన మనవాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. మన ట్రస్టుకి విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి లేదు. అలాంటివాళ్లని ప్రేమగా వద్దని చెప్పండి. సెలవులకి వచ్చినప్పుడు పిల్లల్ని చూడ్డానికి తీసుకురండి, రక్తమివ్వగలిగితే ఇవ్వమనండి.

ఇంకొక్క మాట. ఈ సభలో పెళ్లి కావాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు. భార్యాభర్తలిద్దరూ థలసీమియా క్యారియర్లయితే, అంటే తమకి జబ్బు లేకపోయినా బిడ్డకి అందించగలవాళ్లయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. క్యారియరో కాదో ఒక రక్తపరీక్షతో తెలిసిపోతుంది. చందా అడిగిన ప్రతి ఇంట్లోనూ ఈ మాట చెప్పండి. డబ్బు ఇవ్వనివాళ్లకి కూడా చెప్పండి.

రశీదు పుస్తకాలు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. నంబరు చూసుకుని, సంతకం పెట్టి తీసుకెళ్లండి. రైడ్ అయిన వారంలోగా పుస్తకాలన్నీ నాకు తిరిగి రావాలి, వాడని రశీదులతో సహా. చిరిగిపోయిన రశీదైనా సరే, పారెయ్యకుండా అందులోనే పెట్టి ఇవ్వండి. నమస్కారం.