కార్తీకంలో గెలిచిన మేకపోతు: మా పర్లాకిమిడి గుంటల ఫుట్‌బాల్ సీజన్

నమస్కారమండీ. పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఈసారి వీడియోలో గుడి లేదు, కోట లేదు, వంటా లేదు. ఫుట్‌బాల్! అదీ ఏ కలకత్తా క్లబ్బుదో అనుకునేరు, మా ఊరి హైస్కూలు గుంటలది, అంటే కుర్రాళ్ళది. స్కూలు పేరు చెప్పొద్దని పీఈటీ సారు ముందే ఒట్టేయించుకున్నారు. పోయినేడు జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచి కార్తీకం దాకా నేను ఫోన్ పట్టుకుని ఈ పిల్లల వెనకే తిరిగాను. మా ఆవిడ తిట్లు వేరే కథ.

ముందు ఈ ఫోటో చూడండి. పదకొండు మంది ఉన్నారు కదా. ఎడమ పక్క ముగ్గురూ మా తెలుగు వీధుల కుర్రాళ్ళు, అందులో పసుపు బనీనువాడు గోలీ, అంటే గోల్ కీపర్. మధ్యలో ఐదుగురు ఒడియా ఇళ్ళ పిల్లలు. ఆ చివర ముగ్గురూ గుమ్మ, సెరంగో వైపు కొండల మీంచి దిగి, హాస్టల్లో ఉండి చదువుకుంటున్న సవర పిల్లలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు సరిహద్దు గీత సరిగ్గా మా జమీందారీ మీంచే పోయింది. ఊరు ఇటు ఒడిశాకి, పక్కనే పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్రాకి. అందుకని ఇంట్లో ఓ భాష, బడిలో ఓ భాష, బజార్లో రెండూ కలిపి. మాకిది పుట్టుకతో అలవాటే. కాకపోతే బంతి మీదకొచ్చేటప్పుడు నోట్లోంచి ఏ భాష ఊడిపడుతుందో, అది మాత్రం ఎవడి చేతుల్లోనూ ఉండదు.

మొదటి మ్యాచ్ ఉత్త స్నేహపూర్వక మ్యాచే. కొండ మీద స్కూలు వాళ్ళు దిగొచ్చారు. పొద్దుట్నుంచీ వాన. గ్రౌండు కాదది, నారుమడి. రూలు ప్రకారం 5వ నంబరు బంతి 410 నుంచి 450 గ్రాముల మధ్య తూగాలి. మా బంతి కుట్లు ఊడిన పాత బంతి. మ్యాచ్ అయ్యాక పక్క కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూశాను, అరకేజీ రాయికి ఎదురు పెడితే బంతి పళ్ళెమే కిందకి దిగింది. దాన్ని తలతో కొట్టాలంటే ఎలాగుంటుందో ఊహించుకోండి.

ఒకటీ ఒకటీ సమానంగా ఉంది. ఇంకో పది నిమిషాలు ఆట. కుడి పక్కనుంచి బంతి ఎత్తుగా లేచింది. మా స్టాపర్, అంటే గోలీకి ముందు మధ్యలో నిలబడి అడ్డుకునేవాడు, సవర కుర్రాడు, దాని కిందే ఉన్నాడు. గోలీ ముందుకి ఉరికొస్తూ "వదిలెయ్!" అని అరిచాడు. మంచి పిలుపే. కానీ ఆ కుర్రాడు మా ఊరొచ్చి పట్టుమని రెండు నెలలు కాలేదు. ఒడియా బాగా వచ్చు, తెలుగు నాలుగు ముక్కలు. ఆ నాలుగూ మా వీధి క్రికెట్‌లో నేర్చినవే. "ఒరే, బాల్ ఎయ్!" అని రోజూ వింటాడు కదా, వాన హోరులో "వదిలెయ్"లో మొదలు ఎగిరిపోయి వాడికి చివర "ఎయ్" ఒక్కటే వినపడింది. ఏసేశాడు! తలతో, ఎంత గట్టిగా అంటే, ముందుకొచ్చిన గోలీ నెత్తి మీంచి బంతి తిన్నగా మన నెట్‌లోకే.

గోలీ వాణ్ణి తెలుగులో తిట్టాడు, స్టాపర్ ఒడియాలో "నువ్వే కొట్టమన్నావు భాయినా" అన్నాడు, లెఫ్ట్ బ్యాక్ ఇద్దర్నీ కలిపి తిట్టాడు. అదే మూడ్‌లో వారం తర్వాత రెండో మ్యాచ్ ఆడి 0-6తో ఓడిపోయారు. ఆరు! ఆ వీడియో నా దగ్గరుంది, పెట్టను. గోలీ, స్టాపర్ గంటసేపూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. వాళ్ళిద్దరి మధ్య సందులోంచే నాలుగు గోల్స్ పోయాయి.

ఆ సాయంత్రం సారు అందర్నీ బరా-ఘుగుని (గారెలు, బఠాణీ కూర) బండి దగ్గరికి తీసుకెళ్ళి, తన డబ్బుతోనే పెట్టించి, ఒక లెక్క చెప్పారు. 2022 అక్టోబర్ 11, భువనేశ్వర్ కళింగ స్టేడియం, అండర్-17 అమ్మాయిల ప్రపంచ కప్పు. మన అమ్మాయిలు అమెరికా మీద 0-8. మూడు రోజులకి మొరాకో మీద 0-3. ఆ తర్వాత బ్రెజిల్ మీద 0-5. "ఎనిమిది తిన్నాక కూడా వాళ్ళు మళ్ళీ గ్రౌండులోకి దిగారా లేదా? మీరు ఆరుకే అలుగుతారేట్రా?" అన్నారు. ఓదార్పుకి ఇదేం లెక్కో నాకర్థం కాలేదు గానీ, గుంటలు నవ్వారు.

మర్నాటి నుంచి కొత్త చట్టం. గ్రౌండులో ఎవడూ సొంత భాషలో పిలవకూడదు. గోలీ వస్తుంటే "కీపర్" అనాలి. వెనక మనిషుంటే "మ్యాన్". తీరికుంటే "టైమ్". అంతే, మూడే మాటలు. సారు ఇంకో సంగతి కూడా చెప్పారు, నాకూ అప్పుడే తెలిసింది. "వదిలెయ్" లాంటి అరుపు విని ఎదుటి టీమువాడు తడబడ్డాడనుకోండి, మాటలతో దృష్టి మళ్ళించావని రెఫరీ పసుపు కార్డు చూపించి, వాళ్ళకి ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ ఇవ్వొచ్చట. అంటే "వదిలెయ్" మనకి రెండు రకాలుగా నష్టం.

నాకొక్క బాధుంది. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళోనే పాఠాలు చెబుతూ సవర నేర్చుకుని, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువూ రాశారు. ఆయన తిరిగిన ఊళ్ళో మా గోలీకి స్టాపర్‌తో ఒక్క ముక్క సవర మాట్లాడ్డం రాలేదు. మూడు భాషలవాళ్ళని మూడు ఇంగ్లీషు మాటలు కలపాల్సొచ్చింది. సరే, కలిశారు కదా, పోనీండి.

జూలైలో జిల్లా పోటీలు. సుబ్రతో కప్పు, తెలియనివాళ్ళకి చెప్తాను: మన వైమానిక దళానికి తొలి భారతీయ అధిపతి సుబ్రతో ముఖర్జీ పేరు మీద 1960 నుంచి బడి పిల్లలకి జరుగుతున్న పోటీ. అబ్బాయిల పెద్ద విభాగం అండర్-17. మొదటి రౌండు 2-0. రెండోది 3-1. రెండింట్లోనూ "కీపర్" అన్న కేక వినగానే స్టాపర్ తల దించి పక్కకి తప్పుకోవడం చూడండి, ఈ క్లిప్ నెమ్మదిగా వేస్తున్నాను. కనిపించిందా? గోల్ కొట్టినవాడికి అందరూ చప్పట్లు కొడతారు. నేను మాత్రం దీనికే కొట్టాను.

ఇక సెమీస్. ఆట ఇంకో గంటలో మొదలనగా కాగితాలు చూశారు. మా తొమ్మిదో నంబరు కుర్రాడి ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1. స్కూలు రిజిస్టర్లో వేరే నెల, వేరే సంవత్సరం. ఇదేం కుట్ర కాదండీ. అమ్మానాన్నా ఇటుకబట్టీల పనికి తిరిగేవాళ్ళు, నమోదు రోజున తేదీ చెప్పలేకపోతే అక్కడి మనిషి వయసు ఉరామరిగా అడిగి జనవరి 1 వేసేశాడు. మన పల్లెల్లో జనవరి ఒకటిన పుట్టినవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. ఆధార్ లెక్కలో వాడు పెద్దవాడైపోయాడు. జెర్సీ విప్పి బెంచీ మీద మడత పెట్టి, నీళ్ళ బాటిళ్ళు పట్టుకుని గీత బయట నిలబడ్డాడు.

వాడు లేకపోతే గోల్ ఎవడు కొడతాడు? 0-0. పెనాల్టీలు. ఇక్కడ సారుతో నేను ఇప్పటికీ ఒప్పుకోను. రెగ్యులర్ గోలీని తీసేసి పొడుగ్గా ఉన్నాడని రెండో గోలీని దింపారు. గోల్ 8 గజాల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. అందులో నాలుగంగుళాల పొడుగు కంటే నెల రోజుల అలవాటు ఎక్కువ పనిచేస్తుందండీ! 3-4తో పోయింది. ఆఖరి కిక్ స్టాపర్‌దే, అడ్డకర్రకి తగిలి వెనక్కొచ్చింది. వాడు అక్కడే గొంతుక్కూర్చున్నాడు. మా గోలీ, అదే తిట్టినవాడు, వెళ్ళి నీళ్ళ పాకెట్ మూల కొరికి సగం తాగి సగం వాడికిచ్చాడు. ఇద్దరూ బస్సెక్కే దాకా దాన్ని పిండుతూనే ఉన్నారు.

తర్వాత మూడు నెలలు వానలు, పరీక్షలు, దసరా. చెప్పడానికేం లేదు.

కార్తీకంలో కొండ మీద ఓ ఊళ్ళో టోర్నమెంటు. బహుమతి మేకపోతు, ఒడియాలో ఖాసీ అంటారు. అక్కడ ఆధార్ అడిగేవాడెవడూ లేడు, మా తొమ్మిదో నంబరు మళ్ళీ జెర్సీ తొడిగాడు. ఫైనల్లో 2-1, రెండూ వాడే. రెండో గోల్‌కి బంతి అందించింది స్టాపర్. మేకని ఆటోలో కాళ్ళ దగ్గర పడుకోబెట్టుకుని, దారంతా పాటలే.

దిగాక గుర్తొచ్చింది, కార్తీకం! ఒడియా ఇళ్ళల్లో నెలంతా నీచు ముట్టరు, మా తెలుగు ఇళ్ళల్లోనూ చాలామందికి అంతే. సవర పిల్లలు క్రైస్తవులు, వాళ్ళకేం పట్టింపు లేదు, కానీ ఒంటరిగా తినమన్నారు. దాంతో పున్నమి వెళ్ళిన మర్నాడు, ఒడియావాళ్ళు మళ్ళీ నీచు మొదలెట్టే ఛాడఖాయి రోజు దాకా మేకకి ఆయుష్షు దొరికింది. ఎక్కడ కట్టాలి? గోల్ పోస్టుకి కట్టారు.

ఛాడఖాయి నాడు కూర బ్రహ్మాండం, నాకూ ఓ గిన్నె వచ్చింది. కానీ అప్పటికే అది రెండు వారాలు ఊరుకోకుండా నెట్ నమిలేసింది. ఎడమ పోస్టు పక్కన ఇంత చిల్లు. కొత్త నెట్‌కి ఇంకా డబ్బుల్లేవు. మొన్న ప్రాక్టీసులో బంతి ఆ చిల్లులోంచి బయటికి పోయింది. లోపల్నుంచి పోయిందా, పోస్టు బయటనుంచి పోయిందా? గోల్ అని తొమ్మిదో నంబరు, కాదని గోలీ. మూడు మాటల చట్టం గాలికి పోయింది. తెలుగు, ఒడియా, సవర, మూడూ ఒకేసారి. సారు ఈల ఊదుతూనే ఉన్నారు, ఎవడూ వినట్లేదు.