అబ్బాయిలను లోపలికి పిలవండి

సభకు నమస్కారం. అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పొద్దుటి నుంచి కుర్చీలు మోసినవారికి, నేను చేయని పనులు కూడా నా ఖాతాలో వేసి పరిచయం చేసిన కార్యదర్శి గారికి కృతజ్ఞతలు. ఒక్క దిద్దుబాటు. నేను డాక్టరును కాను. ముప్పై ఒక్క ఏళ్లు ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేసి విరమించినదాన్ని.

ఆహ్వానపత్రంలో నా ప్రసంగం పేరు ‘కౌమార ఆరోగ్యం’ అని ఉంది. నేను రాసి పంపింది అది కాదు. ‘పిల్లలకు పిల్లలు పుట్టకుండా మనమేం చేయగలం’ అని పంపాను. ‘కాస్త మెత్తగా ఉంటే బాగుంటుందమ్మా’ అన్నారు కార్యదర్శి గారు. ఆయన మీద నాకు కోపం లేదు. కానీ ఆ మెత్తదనం మీదే ఇవాళ నా ఫిర్యాదంతా.

ఆడపిల్ల గడప దాటుతుంటే ‘జాగ్రత్త’ అంటాం. దేనికి జాగ్రత్తో చెప్పం. వాహనాలకా, వర్షానికా? పదేళ్లపాటు ఆ ఒక్క మాటే అని, ఏదైనా జరిగాక ‘ఎన్నిసార్లు చెప్పాను’ అంటాం. మీరు చెప్పింది ఏమీ లేదు. గుమ్మంలో నిలబడి హెచ్చరించారు, అంతే.

ఒక రాత్రి కడుపునొప్పి అంటూ పదహారేళ్ల అమ్మాయిని తీసుకొచ్చారు. తిన్నది పడలేదేమో అంది తల్లి. పొట్ట మీద చెయ్యి వేయగానే నాకు తెలిసిపోయింది. ఎనిమిదో నెల. కాళ్లు వాచి ఉన్నాయి, రక్తపోటు బాగా ఎక్కువగా ఉంది. డాక్టరు గారు సంగతి చెప్పగానే తల్లి నోట వచ్చిన మొదటి వాక్యం: ‘ఇక నలుగురిలో నా ముఖం ఎలా చూపించను?’

అమ్మాయి ఉలిక్కిపడలేదు. నా వైపు చూసింది, అంతే. ఆ వాక్యం తనకు కొత్త కాదు. అమ్మ ఏమంటుందో ముందే తెలుసు కాబట్టే అన్ని నెలలు వదులు బట్టల్లో దాచుకుంది. తల్లీ బిడ్డా బతికారు. అంతవరకే చెబుతాను, మిగతాది ఆ అమ్మాయి సొంతం.

అంత చిన్న వయసులో గర్భం ఎందుకు ప్రమాదమని అడుగుతారు. పొడవు పెరగడం ఆగాక కూడా కటి ఎముకలు, అంటే బిడ్డ బయటికొచ్చే దారి చుట్టూ ఉండే ఎముకలు, కొంతకాలం పెరుగుతూనే ఉంటాయి. ఇరవైలలో ఉన్న తల్లులతో పోలిస్తే ఈ పిల్లలకు గుర్రపువాతం, అంటే గర్భిణులకు రక్తపోటు పెరిగి వచ్చే మూర్ఛ, కాన్పు తర్వాతి ఇన్ఫెక్షన్లు ఎక్కువ. బిడ్డ నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టడమూ ఎక్కువే. వీటిలో చాలావాటిని నెలనెలా పరీక్షలతో ముందే పసిగట్టవచ్చు. కానీ దాచుకున్న పిల్ల పరీక్షకు ఎలా వస్తుంది?

ఇంకా వెనక్కి వెళ్దాం. అత్యవసర గర్భనిరోధక మాత్ర అనేది ఒకటి ఉంది. కలయిక తర్వాత ఐదు రోజుల లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. మర్నాడు ఉదయం ఆ అమ్మాయి ఇంట్లో ఎవరితోనైనా, తల్లితో కాకపోతే పిన్నితో, పక్కింటి అక్కతో, ‘నాకు భయంగా ఉంది’ అని చెప్పగలిగి ఉంటే? ఈ విషయంలో కుటుంబం అండ అంటే నాకు తెలిసిన అర్థం ఇదే: మర్నాడు ఉదయం చెప్పుకోవడానికి ఒక మనిషి. బలవంతం జరిగినప్పుడైతే ఆ మనిషి అవసరం ఇంకా ఎక్కువ. అన్నీ ప్రేమకథలు కావండి. నా వార్డుకు వచ్చిన కొందరి విషయంలో ఆ రెండోవాడు, అంటే గర్భానికి కారణమైనవాడు, ఇంటికి రాకపోకలున్న, పెళ్లయిన పెద్దమనిషి. పెళ్లి పేరుతోనే చిన్నపిల్లను తల్లిని చేసిన ఇళ్లూ ఉన్నాయి. అక్కడ ఎవరికీ ముఖం చెల్లకపోవడం అనే సమస్యే రాలేదు, గమనించారా?

అసలు ఆ రెండోవాడి గురించి ఎవరూ అడగరు. మా వార్డు కాగితంలో తండ్రి పేరుకు ఒక గడి ఉండేది. ఇలాంటి కేసుల్లో అది ఖాళీగానే...

ఒక్క నిమిషం. ఆ వెనక వరుసలు ఖాళీగా ఉన్నాయేమిటి? నేను వచ్చేసరికి అక్కడ అబ్బాయిలు కూర్చుని ఉన్నారు. ఏమంటున్నారు? పక్క గదిలో క్విజ్ పోటీయా? నా ప్రసంగం జరిగేటప్పుడేనా?

కార్యదర్శి గారూ, వాళ్లను లోపలికి పిలవండి. నేను ఆగుతాను. ఈ సమయాన్ని నా ఇరవై నిమిషాల్లోంచే తీసేసుకోండి.

రండి నాయనా. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నా వెనక్కే వెళ్తారని తెలుసు, వెళ్లండి. నేను వేరే కాగితాలు రాసుకొచ్చాను, వాటిని పక్కన పెడుతున్నాను. ఎదుటి మనిషి మౌనంగా ఉంటే అది ఒప్పుకోలు కాదు. భయపడి అన్న ‘సరే’ కూడా సరే కాదు. చట్టం చెప్పిన వయసు రాని పిల్ల నిజంగానే సరే అన్నా అది చెల్లదు. కండోము గర్భాన్నీ, కలయిక వల్ల సోకే రోగాలనూ రెంటినీ అడ్డుకుంటుంది. ఆ ఆలోచన ఆమె ఒక్కదానిదే కాదు, మీది కూడా. నవ్వుకోండి, ఫరవాలేదు. నవ్వుతూ విన్నా వింటే చాలు.

పెద్దలు కొందరు ముఖం తిప్పుకున్నారు. చెబితే నేర్పినట్టవుతుందని మీ భయం. ఇంగ్లండులో 1999లో పదేళ్ల ప్రణాళిక ఒకటి మొదలుపెట్టారు. బడిలో పాఠాలు, యువత సిగ్గుపడకుండా వెళ్లగలిగే క్లినిక్‌లు, పిల్లలతో ఎలా మాట్లాడాలో తల్లిదండ్రులకు సాయం, చిన్న వయసులో తల్లయినవారు మళ్లీ చదువుకోవడానికి ఆసరా. అన్నీ కలిపి చేశారు. 1998తో పోలిస్తే 2014 నాటికి పద్దెనిమిదేళ్లలోపు గర్భాల రేటు సగానికి పైగా తగ్గింది.

భయపెట్టి చూసినవాళ్లూ ఉన్నారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 57 బడుల్లో ఒక పరిశోధన చేశారు. కొన్ని బడుల్లో ఆడపిల్లలకు ఏడ్చే బొమ్మలిచ్చారు. రాత్రీ పగలూ బిడ్డలా ఏడుస్తాయి, పాలు పట్టాలి, గుడ్డలు మార్చాలి. ఆ విసుగు చూసి జాగ్రత్తపడతారని అంచనా. ఇరవై ఏళ్లు వచ్చేవరకు వాళ్లను గమనించి 2016లో ఫలితాలు ప్రచురించారు. బొమ్మలు తీసుకున్నవారిలో సుమారు 8 శాతం మంది ఆలోగా తల్లులయ్యారు, తీసుకోనివారిలో 4 శాతం. అనుకున్నదానికి తలకిందులు! ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏ వార్త చదివీ నేను అంతగా నవ్వుకోలేదు. ఆ తర్వాత నవ్వు పోయింది, ఎందుకంటే ఆ బొమ్మలు కూడా ఆడపిల్లలకే ఇచ్చారు.

ఇంతసేపూ మిమ్మల్ని దులిపాను. నా సంగతీ చెప్పాలి. మా అమ్మాయికి పదకొండేళ్లప్పుడు వంటింట్లో నా వెనక నిలబడి, ‘అమ్మా, నువ్వు పనిచేసే చోట బిడ్డలు అసలు లోపలికి ఎలా వెళ్తారు?’ అని అడిగింది. పగలంతా కొత్త తల్లులకు అరమరికలు లేకుండా అన్నీ చెప్పి ఇంటికొచ్చిన నేను, ‘పెద్దయ్యాక తెలుస్తుంది, వెళ్లి చదువుకో’ అన్నాను. వెళ్లింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఎవరిని అడిగి తెలుసుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మొదటి వాక్యం నాకూ అంత సులువుగా, అంత తప్పుగా వచ్చింది.

సమయమైందని చీటీ వచ్చింది. ఇందాక ప్రశ్నలు రాసి పెట్టెలో వేయమన్నాను కదా, మూడు చదివి దిగిపోతాను. పేర్లు లేవు, అదే మంచిది.

‘మొదటిసారికే గర్భం వస్తుందా?’ వస్తుంది. ‘నెలసరి సమయంలో రాదంటారు, నిజమేనా?’ ఆ అవకాశం తక్కువే, కానీ అసలు రాదనుకోవద్దు. పిల్లల నెలసరి లెక్కలు ఇంకా కుదురుకోకుండా ఉంటాయి.

మూడోది. ‘ఇంట్లో ఎలా చెప్పాలి?’

దీనికి మైకులో జవాబు చెప్పను. రాసినవారు లేవకండి, అటూ ఇటూ చూడకండి. ఎవరూ వెనక్కి తిరగకండి. సభ అయ్యాక నేను మెట్ల పక్కన ఆ నీలం కుర్చీలో కూర్చుంటాను. వాచ్‌మన్ వచ్చి దీపాలు ఆర్పేదాకా అక్కడే ఉంటాను.