త్రిశూలం గుర్తు, చేజారిన నట్టు

శ్రోతలకు నమస్కారం. ఇటలీలో తయారయ్యే మాసెరాటి అనే ఒక ఖరీదైన కారు ముందు భాగాన త్రిశూలం గుర్తు ఉంటుంది. మొదటిసారి దాని బొమ్మ చూసినప్పుడు నేను శివుణ్ణే తలచుకున్నాను. ఆ త్రిశూలం శివుడిది కాదు. బొలోన్యా నగరం నడిబొడ్డున ఒక ఫౌంటెన్ మీద, రోమన్ల సముద్రదేవుడైన నెప్ట్యూన్ విగ్రహం నాలుగు వందల ఏళ్లకు పైగా నిలబడి ఉంది. ఆయన చేతిలోని ఆయుధమది. ఆ ఊళ్లోనే 1914 డిసెంబరులో మాసెరాటి సోదరులు ఒక చిన్న మోటారు వర్క్‌షాపు తెరిచారు. వాళ్ల తండ్రి రైలింజను డ్రైవరు. అన్నదమ్ములందరికీ ఇంజన్లంటే ప్రాణం, ఒక్క మారియోకి తప్ప, ఆయన చిత్రకారుడు. ఇంజను జోలికి పోని ఆ ఒక్కడు గీసిన గుర్తే ఈనాటికీ ఆ కారు ముఖాన నిలిచి ఉండడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

నాకున్న సమయం తక్కువ కనుక తొలి నలభై ఏళ్లను నాలుగు మాటల్లో దాటేస్తాను. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వాళ్లు స్పార్క్ ప్లగ్గులు తయారుచేశారు. 1926లో తమ పేరుతో తొలి పందెపు కారును తయారుచేసి, సిసిలీ కొండదారుల్లో జరిగిన టార్గా ఫ్లోరియోలో సోదరుల్లో ఒకడైన ఆల్ఫియెరి మాసెరాటి స్వయంగా నడిపి, ఇంజను పరిమాణాన్ని బట్టి చేసిన తన విభాగంలో గెలిచాడు. 1932లో ఆయన కన్నుమూశాడు. 1937లో మిగిలిన సోదరులు కంపెనీని ఓర్సి కుటుంబానికి అమ్మారు. ఆ తరువాత అది మోదెనా నగరానికి మారింది. 1939లో, మళ్లీ 1940లో, అమెరికాలోని ఇండియానాపోలిస్ 500 మైళ్ల పందేన్ని విల్బర్ షా గెలిచింది ఈ కారుతోనే. ఇక తిన్నగా 1957 ఆగస్టు 4వ తేదీకి వస్తాను, ఎందుకంటే ఈ కంపెనీ చరిత్రంతా మరచిపోయినా నేను మరచిపోలేని రోజు అది.

జర్మనీలో, ఐఫెల్ కొండల్లో, నూర్‌బుర్గ్‌రింగ్ అనే పందెపు దారి ఉంది. ఒక్క చుట్టు దాదాపు 22.8 కిలోమీటర్లు. అడవిలో ఎక్కుతూ, దిగుతూ, నూట అరవైకి పైగా మలుపులు తిరిగే ఆ దారిలో ఆ రోజు జర్మన్ గ్రాండ్ ప్రీ అనే పందెంలో 22 చుట్లు తిరగాలి. మాసెరాటి 250ఎఫ్ కారులో కూర్చున్నవాడు అర్జెంటీనాకు చెందిన హువాన్ మాన్యుయెల్ ఫాంజియో. వయసు 46 ఏళ్లు. చిన్నతనంలోనే బాల్కార్సే అనే ఊళ్లో గ్యారేజీలో పనికి చేరిన మెకానిక్కు ఆయన. అప్పటికే నాలుగుసార్లు ప్రపంచ విజేత. ఎదురుగా ఉన్నవి ఫెరారీ కార్లు, వాటిలో మైక్ హాథార్న్, పీటర్ కాలిన్స్ అనే ఇద్దరు ఇంగ్లీషు కుర్రాళ్లు. అంతకుముందు సంవత్సరం ఫాంజియో నడిపింది కూడా ఫెరారీయే.

ఫెరారీల ఎత్తుగడ సులువైనది: ట్యాంకు నిండా పెట్రోలు పోసుకుని, గట్టి టైర్లు వేసుకుని, ఎక్కడా ఆగకుండా చివరిదాకా వెళ్లడం. ఫాంజియో మాత్రం సగం ట్యాంకుతో, మెత్తటి టైర్లతో బయలుదేరాడు. బరువు తక్కువ, పట్టు ఎక్కువ. కాని మధ్యలో ఒకసారి ఆగక తప్పదు. ఆగడానికి పట్టే సమయాన్ని ముందే సంపాదించి పెట్టుకోవాలి. పన్నెండు చుట్లు పూర్తయ్యేసరికి అర నిమిషం దాకా ఆధిక్యం సంపాదించి, అనుకున్నట్టే ఆగాడు.

అక్కడ కథ అడ్డం తిరిగింది. ఆ రోజుల్లో పందెపు కారు చక్రానికి మన కార్లకు ఉన్నట్టు నాలుగైదు నట్లు ఉండవు. మధ్యలో ఒకే ఒక పెద్ద నట్టు, దానికి రెక్కలు ఉంటాయి. సుత్తితో ఆ రెక్కల మీద కొట్టి విప్పుతారు, కొట్టి బిగిస్తారు. తొందరలో ఒక మెకానిక్కు చేతిలోంచి ఆ నట్టు జారి కారు కిందికి దొర్లిపోయిందని, దాన్ని వెతికేసరికి దాదాపు అర నిమిషం గడిచిపోయిందని చెప్పుకుంటారు. ఫాంజియో మళ్లీ దారిలోకి వచ్చేసరికి రెండు ఫెరారీలూ ముందున్నాయి. ఆయన ముప్పావు నిమిషం వెనకబడి ఉన్నాడు.

కొత్త టైర్లు దారికి అలవాటు పడేదాకా ఆయన పెద్దగా పుంజుకోలేదు. ఇక పందెం తమదేనని ఫెరారీ వాళ్లు అనుకున్నారు. అప్పుడు మొదలుపెట్టాడు ఫాంజియో. మలుపు వచ్చినప్పుడు మామూలుగా గేరు తగ్గిస్తాం. ఆయన కొన్ని మలుపుల్లో వేయవలసిన గేరుకన్నా ఒక గేరు పైనే ఉంచి తిప్పాడు. అలా చేస్తే వేగం తగ్గదు, కాని కారు పట్టు తప్పే అంచున పరుగెడుతుంది. ఆ దారిలో అంతకుముందు ఏడాది ఆయనే నెలకొల్పిన రికార్డు 9 నిమిషాల 41.6 సెకన్లు. ఆ రోజు దాన్ని చుట్టు తరువాత చుట్టు బద్దలు కొట్టుకుంటూ పోయి, ఇరవయ్యో చుట్టును 9 నిమిషాల 17.4 సెకన్లలో ముగించాడు. ఒక్క చుట్టులో ఇరవై నాలుగు సెకన్ల తేడా! ఇరవై ఒకటో చుట్టులో ముందు కాలిన్స్‌ను, ఆ తరువాత హాథార్న్‌ను దాటాడు. గెలుపు తేడా 3.6 సెకన్లు. అది ఆయనకు ఐదో ప్రపంచ కిరీటం. ఆయన గెలిచిన చివరి గ్రాండ్ ప్రీ కూడా అదే. అంత వేగంగా ముందెన్నడూ నడపలేదనీ, ఇకమీదట నడపలేననీ ఆయనే తరువాత ఒప్పుకున్నాడు.

విచిత్రమేమిటంటే, కంపెనీ కీర్తి శిఖరానికి చేరిన ఆ సంవత్సరమే దాని సొంత ఫార్ములా వన్ జట్టుకు ఆఖరి సంవత్సరమైంది. ఆర్థిక ఇబ్బందులు ముసురుకున్నాయి. నవంబరులో వెనిజులాలో జరిగిన పందెంలో దాని కార్లు ప్రమాదాల్లో నుజ్జయ్యాయి. మాసెరాటి పందేలు మాని, ధనవంతులకు కార్లు అమ్ముకునే పనిలో పడింది. గాలుల పేర్లు పెట్టి మిస్ట్రాల్ అని, గిబ్లీ అని అందమైన కార్లు చేసింది. ఒక కారుకైతే క్వాత్రోపోర్తే అని పేరు పెట్టారు. ఇటాలియన్‌లో దానికి అర్థం ‘నాలుగు తలుపులు’ అని మాత్రమే, వినడానికే రాజసం. 1968లో సిట్రోయెన్, 1975లో దె తోమాసో, 1993లో ఫియట్ ఇలా యజమానులు మారుతూ వచ్చారు. ఆ లెక్కల పద్దులు నన్ను అంతగా ఆకట్టుకోలేదు.

నన్ను పట్టుకున్నది ఆ నట్టే. ప్రపంచంలోని మేటి మెకానిక్కుల చేతుల్లోంచి జారినప్పుడు మన చేతుల్లోంచి జారదా? ఒక వర్షపు రాత్రి హైవే పక్కన స్టెప్నీ మారుస్తూ, విప్పిన నట్లను నేల మీద వరుసగా పెట్టి, జాకీ సర్దడంలో నా కాలే తగిలి ఒకటి గడ్డిలోకి పోతే, ఫోను వెలుగులో ఇరవై నిమిషాలు వెతికినవాణ్ణి నేను. కాబట్టి శ్రోతలకు ఒక్క సంగతి మనవి చేస్తాను: జాకీ ఎత్తకముందే నట్లను కొంచెం వదులు చేయండి, విప్పిన ప్రతి నట్టునూ వెంటనే ఒక గిన్నెలో వేయండి, నేల మీద మాత్రం పెట్టకండి. ఒకవేళ ఒక చక్రానికి నట్లన్నీ పోతే, మిగిలిన చక్రాల నుంచి ఒక్కొక్కటి తీసి బిగించుకుని, నెమ్మదిగా దగ్గరలోని మెకానిక్కు దాకా వెళ్లవచ్చు. నా కారు డిక్కీలో స్టెప్నీ పక్కన ఇప్పుడొక పాత స్టీలు గిన్నె ఉంటుంది. అది వంటింట్లోంచి ఎటు పోయిందని మా ఇంట్లో ఇంకా అడుగుతూనే ఉన్నారు. నమస్కారం.