వద్దన్నాక ఏం చేశారు?

శ్రోతలకు నమస్కారం.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఆ రాత్రి పదకొండింటికి కొత్త వెర్షన్ లైవ్‌లోకి వెళ్లాలి. సాయంత్రం మీటింగ్‌లో ఒక మాట అన్నాను: "సేవ్ బటన్ గబగబా రెండుసార్లు నొక్కితే రికార్డు రెండుసార్లు పడుతోందండీ." "అలా ఎవరు నొక్కుతారమ్మా?" అని తరువాతి విషయంలోకి వెళ్లిపోయారు. నేనూ ఊరుకున్నాను. తెల్లారేసరికి వందల రికార్డులు రెండేసి పడి ఉన్నాయి. రెండు రోజులు కూర్చుని ఒక్కొక్కటే తీసేశాం. వినలేదన్న కోపం ఒక పూటలో పోయింది కానీ, ఒక్క మెయిలైనా పెట్టి ఉండాల్సిందే అన్న బాధ మాత్రం చాలాకాలం ఉండిపోయింది.

అందుకే మార్గరెట్ హామిల్టన్ సంగతి మొదటిసారి చదివినప్పుడు మళ్లీ వెనక్కి వెళ్లి ఇంకోసారి చదివాను. అమెరికాలో ఎం.ఐ.టి. ప్రయోగశాలలో, అపోలో వ్యోమనౌకల్లోని సాఫ్ట్‌వేర్‌ను రాసిన బృందానికి ఆమె నాయకురాలు. రాత్రుళ్లు, సెలవు రోజుల్లో పనుంటే చిన్న కూతురిని వెంటబెట్టుకుని వెళ్లేవారు. ఒకరోజు ఆ పాప వ్యోమగామి ఆట ఆడుతూ, నౌక ప్రయాణాన్ని నేల మీదే అనుకరించి చూసే సిమ్యులేటర్ మీటలు నొక్కింది. అంతే, సిమ్యులేటర్ కుప్పకూలింది. ఆ ఉత్తుత్తి ప్రయాణంలో నౌక దారి మధ్యలో ఉండగా, నేల మీద బయలుదేరే ముందు మాత్రమే నడవాల్సిన ప్రోగ్రామును పాప నడిపించేసింది. రేపు వ్యోమగామి చేయి కూడా ఇలాగే పడితే? అలా జరగకుండా అడ్డుకునే కోడ్ పెడతానని హామిల్టన్ అడిగారు. అంత శిక్షణ ఉన్నవాళ్లు ఇలాంటి పొరపాటు చేయరు, అక్కర్లేదు అన్నారు పైవాళ్లు.

ఆమె అక్కడితో వదిలేయలేదు. కోడ్ పెట్టనివ్వకపోతే, ప్రయాణంలో ఈ ప్రోగ్రామును ఎంచుకోవద్దని పత్రాల్లో ఒక హెచ్చరిక చేర్చారు. 1968 డిసెంబరులో అపోలో 8 చంద్రుణ్ణి చుట్టి తిరిగి వస్తుండగా, అందులోని వ్యోమగామి జిమ్ లోవెల్ సరిగ్గా ఆ పొరపాటే చేశారు. నౌక ఇంకా నేల మీదే ఉందనుకుంది కంప్యూటరు. దిశ తెలిపే లెక్కలు చెరిగిపోయాయి. లోవెల్ నక్షత్రాలను గురి చూసి నౌక దిశను మళ్లీ సరిచేసుకోవాల్సి వచ్చింది. నౌకలోని ముగ్గురూ క్షేమంగా వచ్చారు. హామిల్టన్ అడిగిన అడ్డు ఆ తరువాత కోడ్‌లోకి వచ్చింది.

ఉద్యోగం చేస్తున్న చెల్లెళ్లందరికీ నేను ముందుగా చెప్పేది ఇదే. మీ మాట పక్కన పెడితే, దాన్ని తేదీ వేసి, నాలుగు వాక్యాల్లో, పని గురించి మాత్రమే రాసిపెట్టండి. రేపు ఎవరినో నిలదీయడానికి దాచుకోమని నేననడం లేదు. తప్పు బయటపడిన రాత్రి, ఎక్కడ వెతకాలో తెలిసిన కాగితం ఒకటి చేతిలో ఉంటుంది. ఇక టీమ్ లీడ్ కుర్చీలో కూర్చున్నవాళ్లకు నా మనవి ఒకటే: "ఎవరు నొక్కుతారు?" అనే బదులు "ఏదీ, నొక్కి చూపించు" అనండి. పట్టేది రెండు నిమిషాలే.

చూపించడం గురించి చెప్పాలంటే అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ గుర్తొస్తారు. 1952 నాటికే ఆమె ఒక కంపైలర్, అంటే మనం రాసిన ప్రోగ్రామును కంప్యూటరుకు అర్థమయ్యే భాషలోకి మార్చే ప్రోగ్రాము, తయారుచేసి నడిపించారు. కంప్యూటర్లు లెక్కలే చేస్తాయి, ప్రోగ్రాములు రాయవు అన్న నమ్మకంతో దాని జోలికి వచ్చినవాళ్లే లేరట. ఆ తరువాతి కాలంలో ఆమె ఉపన్యాసాలకు వెళ్లినప్పుడల్లా తీగముక్కలు పట్టుకెళ్లేవారు. ఒక్కోటి దాదాపు 30 సెంటీమీటర్లు. సెకనులో వంద కోట్లో వంతు కాలంలో సంకేతం గరిష్ఠంగా పోగలిగిన దూరం అది. ఉపగ్రహం నుంచి సందేశం రావడానికి అంతసేపు ఎందుకని అధికారులు అడిగితే, ఇక్కడికీ అక్కడికీ మధ్య ఇలాంటి ముక్కలు ఎన్ని పడతాయో చూడండి అనేవారు. గంటసేపు వాదించినా ఎక్కనిది, చేతిలో తీగ పెడితే ఎక్కేది.

డొరొతీ వాన్ దారి వేరు. చేత్తో లెక్కలు కట్టే నల్లజాతి మహిళల విభాగానికి 1949లో ఆమె అధిపతి అయ్యారు, అమెరికాలోని లాంగ్లీ పరిశోధన కేంద్రంలో. ఎలక్ట్రానిక్ కంప్యూటర్లు వస్తున్నాయని, చేత్తో లెక్కలు కట్టే పని పోతుందని ఆమెకు ముందే అర్థమైంది. ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నారు. అక్కడితో ఆగితే ఆమె ఉద్యోగం ఒక్కటే నిలిచేది. తోటివాళ్లకూ నేర్పారు. కొత్త టెక్నాలజీ వచ్చినప్పుడల్లా తను దాటి, పక్కవాళ్లను ఒడ్డున వదిలేసేవాళ్లను నేను చాలామందిని చూశాను. లీడర్ అనే మాట నాకు వాన్ లాంటివాళ్ల గురించే అనబుద్ధేస్తుంది.

ఇక స్టెఫనీ షర్లీ. 1962లో బ్రిటన్‌లో 6 పౌండ్లతో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టారు. తన పేరుతో రాసిన ఉత్తరాలకు జవాబే రాకపోతే, భర్త సలహా మీద "స్టీవ్" అని సంతకం పెట్టడం మొదలుపెట్టారు. అప్పుడు తలుపులు తెరుచుకున్నాయి. ఆ సంగతి చదివితే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. ఆమె మాత్రం ఆ కోపాన్ని పనిలో పెట్టారు. పెళ్లయ్యాకో, పిల్లలు పుట్టాకో ఉద్యోగం మానేసిన ప్రోగ్రామర్లను వెతికి, ఇంటి నుంచే పని ఇచ్చారు. మొదటి 300 మంది ఉద్యోగుల్లో 297 మంది ఆడవాళ్లే. పెన్సిలుతో కాగితం మీద కోడ్ రాసేవారు. ఇంటికి ఫోన్ వస్తే, వెనక పాపాయి ఏడుపు వినబడకుండా ఆఫీసు టైపు మిషన్ల చప్పుడు రికార్డు చేసిన టేపు పెట్టేవారట! కాంకార్డ్ విమానం బ్లాక్ బాక్స్ ప్రోగ్రామింగ్ కూడా వాళ్ల చేతుల మీదుగానే జరిగింది. తరువాత కంపెనీలో ఉద్యోగులకే వాటాలు ఇచ్చారు షర్లీ.

ఇంటి నుంచి పని మనకు ఈమధ్యే వచ్చిన సదుపాయం అనుకుంటాం. పిల్లలు పుట్టాక రెండేళ్లో మూడేళ్లో విరామం తీసుకుని ఇంటర్వ్యూకి వచ్చిన అమ్మాయిని చూసి "గ్యాప్ ఎందుకొచ్చింది?" అని మొహం చిట్లించే వాళ్లకు ఆ 297 మంది గురించి చెప్పాలనిపిస్తుంది.

మా టీమ్‌లో ఇప్పుడు ఒక అలవాటు పెట్టుకున్నాం. రిలీజుకు ముందు జరిగే మీటింగ్‌లో అందరికంటే కొత్తగా చేరినవాళ్లు ముందు మాట్లాడాలి. మొదట్లో అందరూ "అంతా బాగానే ఉందండీ" అనేవారు. పోయిన వారం, చేరి నాలుగు నెలలైన అమ్మాయి కాసేపు తటపటాయించి, "నెట్ మధ్యలో పోతే ఏమవుతుందో ఎవరైనా చూశారా?" అంది. గదిలో ఎవరూ చూడలేదు. "నువ్వే చేసి చూపించమ్మా" అన్నాను. లేచి వెళ్లి కేబుల్ పీకేసింది.

ఆ రిలీజు మూడు రోజులు ఆలస్యమైంది. ఆలస్యానికి కారణం రాసే చోట ఆ అమ్మాయి పేరు, ఆమె అడిగిన ప్రశ్న ఉన్నదున్నట్టు రాశాను.

సెలవు.